మీ పిల్లలు ఐస్ హాకీ గోలీ (గోల్‌కీపర్) అవుతామంటే: మొదటి సీజన్‌లో ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి

సెప్టెంబర్ వచ్చిందంటే నాకు ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. "అన్నా, మావాడు గోలీయే ఆడతానని పట్టుబట్టాడు. టీమ్ కోచ్ మంచాయనే గానీ గోలీల సంగతి ఆయనకీ పెద్దగా తెలీదట. వీడికి ఏం నేర్పించాలి?" టొరంటో చుట్టుపక్కల మనవాళ్లే కాదు, కాల్గరీ నుంచి, అటు మినెసోటా, న్యూజెర్సీ నుంచి కూడా ఇదే ప్రశ్న. ఒక్కొక్కరికీ విడిగా రాసీ రాసీ విసుగొచ్చింది. అందుకే అంతా ఒక్కచోట పెడుతున్నాను.

నేను ఐస్ హాకీ ఆటగాణ్ని కాను. ఒంగోలులో టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడుతూ పెరిగాను. ఐస్ మీద మొదటిసారి నిలబడింది ముప్పై ఆరో ఏట, అదీ గోడ పట్టుకుని. కూతురు గోలీ అయింది కాబట్టి నాకూ నేర్చుకోక తప్పలేదు. ఆ కబురు ఫోన్లో చెబితే మా అమ్మ, "అంత దూరం పోయి పిల్లకి గోలీలాట నేర్పిస్తున్నారా?" అంది. తర్వాత టీమ్‌లో గోలీలకు సాయం చేసే పని నా నెత్తిన పడింది. ఏడేళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లలతో ఐస్ మీద చేయగా తెలిసిన సంగతులివి.

ఒక్క మాట గుర్తుంచుకుంటే మిగతాదంతా దాని వెంటే వస్తుంది. పక్ (ఐస్ హాకీలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) ఆపడం చివర నేర్పండి. ముందు కదలడం, తర్వాత నిలబడటం, ఆ తర్వాతే ఆపడం. మనం చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. మొదటి రోజే పిల్లాణ్ని గోల్‌లో నిలబెట్టి యాభై షాట్లు కొట్టేస్తాం.

ముందు వయసు సంగతి

తొమ్మిదేళ్ల లోపు పిల్లల్ని గోల్‌కి కట్టేయకండి. కెనడాలో ఆ వయసువాళ్లు సగం ఐస్ మీదే ఆడతారు. చాలా టీముల్లో గోలీగా నిలబడే వంతు మారుతూ ఉంటుంది. ఆ పద్ధతే మంచిది. గోలీకి స్కేటింగ్ తక్కువ వచ్చినా పర్వాలేదనుకుంటారు గానీ, నిజానికి జట్టులో అందరికన్నా తనకే బాగా రావాలి. ఎప్పుడూ గోల్‌లోనే నిలబెడితే ఆ స్కేటింగ్ ఎక్కడి నుంచి వస్తుంది? పదేళ్లు దాటాక కూడా వీలైనప్పుడల్లా మామూలు ఆటగాడిగా ఆడనివ్వండి.

కావలసినవి

- హెల్మెట్, కేజ్‌తో (ముఖానికి అడ్డంగా ఉండే కడ్డీల జాలీ) సహా. భద్రత పరీక్షించినట్టు కెనడాలో సీఎస్ఏ, అమెరికాలో హెచ్ఈసీసీ స్టిక్కర్ ఉండాలి. టీవీలో పెద్ద గోలీలు పెట్టుకునే 'క్యాట్ ఐ' కేజ్ చూడ్డానికి స్టైల్‌గానే ఉంటుంది, కానీ దాని సందుల్లోంచి స్టిక్ మొన దూరగలదు. పిల్లలకు వద్దు.
- నెక్ గార్డ్. కెనడాలో అయితే బీఎన్‌క్యూ భద్రతా ముద్ర ఉన్నది కొనండి. హెల్మెట్ కింద వేలాడే ప్లాస్టిక్ రేకు దీనికి బదులు కాదు. రెండూ ఉండాలి.
- చెస్ట్ ప్రొటెక్టర్, గోలీ ప్యాంట్, గోలీ కప్ (గజ్జల రక్షణకి; అమ్మాయిలకు వేరేది ఉంటుంది), ప్యాడ్ల లోపల వేసుకునే మోకాలి గార్డ్‌లు.
- లెగ్ ప్యాడ్లు, బ్లాకర్ (స్టిక్ పట్టే చేతికి వేసుకునే, పలక ఉన్న గ్లవ్), ట్రాపర్ (పక్‌ని పట్టుకునే గ్లవ్), గోలీ స్టిక్.
- గోలీ స్కేట్లు. మొదటి ఏడాది మామూలు హాకీ స్కేట్లతో నడిపించేయవచ్చు.
- ఇంకా: ఒక్కొక్కటి 12 మీటర్ల తాళ్లు రెండు, టెన్నిస్ బంతులు ఆరు, పక్‌లు పది, ఒక చిన్న నోట్‌బుక్, మీ ఫోన్.

మామూలు నల్ల పక్ 156 నుంచి 170 గ్రాములు ఉంటుంది. చిన్నపిల్లల కోసం 4 ఔన్సుల, అంటే దాదాపు 113 గ్రాముల నీలి పక్ దొరుకుతుంది. మొదటి నెలల్లో అదే వాడండి.

ఇదంతా కొత్తది కొంటే జేబుకి చిల్లే. ముందు మీ క్లబ్‌ని అడగండి, చిన్న వయసు టీములకు చాలా క్లబ్‌లు గోలీ గేర్ అరువిస్తాయి. ప్యాడ్లు, బ్లాకర్, ట్రాపర్ సెకండ్ హ్యాండ్‌వి నిశ్చింతగా కొనొచ్చు. ఇంకా మంచిది కూడా, మెత్తబడి ఉంటాయి. హెల్మెట్, కప్ మాత్రం కొత్తవే కొనండి.

ఇక సైజు. స్కూల్ యూనిఫాం వచ్చే ఏడాదికి కూడా సరిపోవాలని ఒక సైజు పెద్దది కొనే అలవాటు మనది. ఇక్కడ ఆ లెక్క పనికిరాదు. ఇంట్లో కార్పెట్ మీద ప్యాడ్లు కట్టి మోకాళ్ల మీదకి దిగమనండి. ప్యాడ్‌లో మోకాలికి గుంటలాంటి చోటు ఉంటుంది. మోకాలు సరిగ్గా దాని మధ్యలో ఆనాలి. ప్యాడ్ పెద్దదైతే మోకాలు ఆ గుంటకి కింద పడుతుంది, తొడల పైభాగాలు ఒకదానికొకటి తగిలి కాళ్లు దగ్గరకి రావు, నడిమి సందు మూసుకోదు. తర్వాత "వీడు కాళ్ల మధ్యలోంచే గోల్స్ ఇస్తున్నాడు" అని మనమే వాణ్ని తిడతాం.

స్టిక్ కూడా అంతే. పిల్లవాడు వంగి నిలబడినప్పుడు బ్లేడ్ మొత్తం నేలకి ఆనాలి. బ్లేడ్ పైన వెడల్పుగా ఉండే ప్యాడిల్ భాగం పొడవెక్కువైతే బ్లాకర్ వైపు భుజం పైకి లేస్తుంది, బ్లేడ్‌లో ఒక కొన గాల్లో ఉంటుంది. బ్లేడ్ కింద ఒక కాగితం ముక్క జరిపి చూడండి. ఏదో ఒక కొన కిందికి సులువుగా దూరిపోతే స్టిక్ సరిపోలేదని అర్థం.

ట్రాపర్ ఏ చేతికి? కుడిచేత్తో రాసే పిల్లలు ఎక్కువ మంది ఎడమచేత్తో పట్టుకుంటారు, దాన్ని రెగ్యులర్ అంటారు. కుడిచేత్తో పట్టుకునేదాన్ని 'ఫుల్ రైట్' అంటారు. నేను ఆ పేరు చూసి, మా పాప కుడిచేతి వాటం కదా అని ఫుల్ రైట్ సెట్ కొనేశాను. మూడు వారాలు పిల్ల అవస్థ పడ్డాక గానీ నా తెలివి బయటపడలేదు. మీరు అలా చేయకండి. చెప్పాపెట్టకుండా టెన్నిస్ బంతి ఇరవై సార్లు విసిరి, పిల్లలు ఏ చేత్తో అందుకుంటున్నారో లెక్కపెట్టి కొనండి.

1. పక్ లేకుండా పది నిమిషాలు

ఐస్ ఎక్కిన ప్రతిసారీ మొదటి పది నిమిషాలు పక్‌ని దగ్గరికి రానివ్వకండి. మూడే కదలికలు నేర్పాలి.

టీ-పుష్: దూరం వెళ్లడానికి. కుడి వైపు వెళ్లాలంటే కుడిపాదాన్ని అటు తిప్పాలి, ఎడమపాదంతో నెట్టాలి. రెండు పాదాలూ ఆ క్షణంలో ఇంగ్లీషు 'టి' అక్షరంలా ఉంటాయి. ముందున్న కాలితోనే ఆగాలి.

షఫుల్: రెండు మూడు అడుగులు జరగడానికి. పాదాలు తిరగవు, వేళ్లు పక్ వైపే ఉంటాయి. వెనక కాలితో చిన్నగా నెడతారు.

సి-కట్: ముందుకి, వెనక్కి వెళ్లడానికి. పాదం ఎత్తకుండా బ్లేడ్‌తో ఐస్ మీద 'సి' గీస్తున్నట్టు నెట్టాలి.

గోల్ ముందు నీలం రంగు వేసిన అర్ధచంద్రాకారం ఉంటుంది, అదే క్రీజ్. ఒక గోల్‌పోస్ట్ నుంచి క్రీజ్ పైఅంచుకి, అక్కడి నుంచి రెండో పోస్ట్‌కి, మళ్లీ వెనక్కి. ఇలా ఐదు సార్లు, మధ్యలో విశ్రాంతి, ఇంకో ఐదు సార్లు. వేగం అడగకండి. ప్రతి చోటా పూర్తిగా ఆగమని అడగండి.

సరిగా చేస్తున్నారో లేదో చూడ్డానికి రెండు దారులు. జాంబోనీ (ఐస్‌ని నున్నగా చేసే బండి) తిరిగి వెళ్లిన కొత్త ఐస్ మీద చేయిస్తే గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. నెట్టిన చోట పదునైన గీత, ఆగిన చోట కొద్దిగా పొడి మంచు ఉండాలి. ఆగిన చోట పొడి లేదంటే ఆగలేదు, జారుకుంటూ పోయారు. రెండోది, హెల్మెట్‌ని గమనించండి. ఎదురుగా నిలబడి, హెల్మెట్ వెనక కనిపించే క్రాస్‌బార్‌తో (గోల్ పైన అడ్డంగా ఉండే కడ్డీ) పోల్చుకోండి. కదులుతున్నప్పుడు తల పైకీ కిందికీ ఊగితే ప్రతి పుష్‌కీ లేచి నిలబడి మళ్లీ వంగుతున్నారన్నమాట. తల ఒకే ఎత్తులో సాగిపోవాలి.

స్కేట్లు మరీ పదునుగా ఉంటే పక్కకి జారలేరు, మొద్దుబారితే నెట్టలేరు. సాన పట్టించేటప్పుడు పిల్లలకి అర అంగుళం హాలోతో (బ్లేడ్ అడుగున తీసే గాడి వంపు) మొదలుపెట్టమనండి. పక్కకి జరగడం మరీ కష్టంగా ఉందంటే తర్వాతిసారి 5/8 అంగుళం అడగండి.

2. నిలబడే తీరు

పాదాలు భుజాల కన్నా కొద్దిగా వెడల్పుగా ఉండాలి. మోకాళ్లు వంగాలి, బరువు పాదాల ముందు భాగం మీద, స్కేట్ బ్లేడ్ల లోపలి అంచుల మీద పడాలి. ఛాతీ పైకి. పక్ మీద నుంచి చూపు తీయకుండానే రెండు చేతులూ కంటి అంచుల్లో కనిపించేంత ముందుకి ఉండాలి. స్టిక్ బ్లేడ్ కాలివేళ్లకి ఆనించి కాదు, ఒక జానెడు ముందు, నేలకి ఆని.

పరీక్ష: వెనక్కి పడేంత కాదుగానీ, ఎదురుగా నిలబడి రెండు భుజాల మీదా మెల్లగా తోయండి. మడమల మీదకి ఒరిగిపోతే బరువు వెనక ఉంది. తర్వాత "గెంతు!" అనండి. మళ్లీ వంగకుండా ఉన్నచోటు నుంచే గెంతగలిగితే సరిగా నిలబడ్డట్టే.

ఎక్కువగా కనిపించే తప్పు నడుం వంచడం. మోకాళ్లు వంచడానికి బద్ధకించి నడుం వంచేస్తారు, ముఖం ఐస్ వైపు ఉంటుంది. "నీ జెర్సీ మీద బొమ్మ నాకు చూపించు" అనండి, ఛాతీ దానంతటదే లేస్తుంది. "బెండ్ యువర్ నీస్" అని వందసార్లు అరిచినా రాని మార్పు ఆ ఒక్క మాటతో వచ్చింది మా టీమ్‌లో.

పక్ అవతలి సగంలో ఉన్నప్పుడు హాయిగా నిటారుగా నిలబడమని చెప్పండి. మ్యాచ్ అంతా వంగే ఉండాలనుకుని తొడలు నొప్పెట్టించుకునే పిల్లలు చాలామంది. పక్ మధ్య రెడ్ లైన్ దాటాక సిద్ధమైతే సరిపోతుంది.

3. తాళ్లతో కోణం చూపించడం

ఈ ఒక్కదానికి ఒక రోజంతా కేటాయించినా దండగ కాదు. నోటితో చెబితే పిల్లలకి ఎక్కదు. తాళ్లు చూపిస్తే అయిదు నిమిషాల్లో ఎక్కుతుంది.

ఒక తాడు ఎడమ పోస్ట్ అడుగున, ఇంకోటి కుడి పోస్ట్ అడుగున కట్టండి. రెండు కొసలూ కలిపి, షాట్ కొట్టే చోట మీరు కాలితో తొక్కిపట్టండి. అక్కడే ఒక పక్ పెట్టండి. ఇప్పుడు పక్ నుంచి గోల్ దాకా ఒక త్రిభుజం కనిపిస్తుంది. పిల్లవాణ్ని ఆ రెండు తాళ్ల మధ్య నిలబెట్టండి. గోల్ గీత మీద ఉంటే రెండు పక్కలా బోలెడు ఖాళీ. క్రీజ్ పైఅంచుకి వస్తే తాళ్లు దగ్గరవుతాయి, ఖాళీ తగ్గుతుంది. ముందుకి రావడం ఎందుకో ఇక వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత స్థానాలు మార్చుకోండి. మీరు గోల్‌లో నిలబడండి, పిల్లవాడు వెళ్లి పక్ దగ్గర బోర్లా పడుకుని గడ్డం ఐస్ మీద ఆనించి చూడాలి. "నాన్నా, నీ ఎడమ పక్క ఖాళీ ఉంది, జరుగు" అని మిమ్మల్ని సర్దుతాడు. మా పాప మొదటిసారి అలా పడుకుని, "పక్‌కి కనిపించేది వేరే, నాకు కనిపించేది వేరే!" అంది. విషయమంతా అదే. కొట్టేవాడి ఒంటికి ఎదురుగా నిలబడకూడదు, పక్‌కి ఎదురుగా నిలబడాలి. పక్ ఎప్పుడూ కొట్టేవాడి ఒంటికి ఒక పక్కన, రెండు మూడు అడుగుల అవతల ఉంటుంది. కొత్త గోలీలు చేసే కోణం తప్పుల్లో ఎక్కువ భాగం ఈ రెండు మూడు అడుగులదే.

అయిదు చోట్ల నుంచి ఇలా చేయించండి: నడిమధ్య, రెండు పక్కల ఫేసాఫ్ చుక్కల (ఆట మళ్లీ మొదలుపెట్టే గుర్తులు) దగ్గర, రెండు పక్కల ఇంకా గోల్‌కి దగ్గరగా. తర్వాత తాళ్లు తీసేసి, కళ్లు మూసుకుని క్రీజ్‌లో రెండడుగులు జరిగి, కళ్లు తెరిచి సర్దుకోమనండి. పోస్ట్‌లని స్టిక్‌తో, బ్లాకర్‌తో తడిమి చూసుకోవడం అలవాటు చేయండి. వెనక్కి తిరిగి గోల్ చూసుకోకూడదు.

జాగ్రత్త: తాళ్లు ఐస్ మీద ఉండగా ఇంకెవరూ ఆ పక్కకి స్కేట్ చేస్తూ రాకూడదు. చుట్టుకుంటే ఘోరంగా పడతారు. ఐస్ దొరక్కపోతే డ్రైవ్‌వేలో సుద్దతో గోల్, క్రీజ్ గీసి ఇదే చేయొచ్చు.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. పెద్ద గోల్ 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు. అంటే 183 బై 122 సెంటీమీటర్లు. ఎనిమిదేళ్ల పిల్ల మోకాళ్ల మీదకి దిగితే తల పైన జానెడు పైనే ఖాళీ ఉంటుంది. ఎంత బాగా నేర్పినా ఆ పై మూలల్లోకి వెళ్లే షాట్ వెళ్తూనే ఉంటుంది. దానికి మందు వయసే. ఆ గోల్స్‌కి పిల్లల్ని నిలదీయకండి.

4. షాట్‌కి ముందే ఆగడం

ఇప్పుడు పక్ తేవచ్చు. 6-7 మీటర్ల దూరంలో నిలబడి, ఐస్ మీద పాకేలా మెల్లగా కొట్టండి. ఒకటే నియమం. పిల్లవాడు పోస్ట్ నుంచి తన చోటుకి వచ్చి, పూర్తిగా ఆగి "సెట్!" అని అరవాలి. ఆ మాట వినిపించేదాకా మీరు కొట్టకూడదు. పది షాట్లు, ఆపి, ఇంకో పది.

రెండు వారాలయ్యాక అరుపు తీసేయండి, ఆగడం మాత్రం ఉండాలి. నెల తర్వాత మీరు వేచి ఉండటం మానేయండి, తనే మీకన్నా ముందు చేరుకోవాలి. కదులుతుండగా తగిలిన పక్ సేవ్ (గోల్ కాకుండా ఆపడం) అయినా నా లెక్కలో అది సగం మార్కే.

తండ్రులు ఇక్కడ చేసే తప్పు నాకు బాగా తెలుసు, నేనూ చేశాను కాబట్టి. పది పక్‌లు వరసగా పెట్టుకుని టపటపా కొట్టేయడం. రెండో షాట్‌కే పిల్ల కింద ఉంటుంది, మూడోది నుంచి పదోదాకా ఊరికే దొర్లుతుంది. చెమట పట్టింది కదా, ప్రాక్టీస్ బాగా జరిగిందనుకుంటాం. నిజానికి ఆ పిల్ల నేర్చుకున్నది దొర్లడం. లేచి, సర్దుకుని, నిలబడ్డాకే తర్వాతి షాట్ కొట్టండి.

పక్ అంటే భయమా? భయపడటం సహజం. ఎన్‌హెచ్‌ఎల్‌లో (ఉత్తర అమెరికాలోని పెద్ద ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగ్) మాస్క్‌ని రోజూ పెట్టుకునే అలవాటు తెచ్చింది మాంట్రియల్ గోలీ జాక్ ప్లాంట్. 1959 నవంబర్ 1న న్యూయార్క్‌లో షాట్ తగిలి ముఖం చీలాక, కుట్లు వేయించుకుని మాస్క్‌తో తిరిగొచ్చాడు. అంతకుముందు దాదాపు అంతా ఒట్టి ముఖాలతోనే నిలబడేవారు. మీ పిల్లలు షాట్ రాగానే మొహం పక్కకి తిప్పుకుంటున్నారంటే వెంటనే ఆపేయండి. తిప్పుకుంటే కేజ్ అడ్డం ఉండదు, మెడ పక్కభాగం, చెవి బయటపడతాయి, అది ఇంకా ప్రమాదం. మళ్లీ టెన్నిస్ బంతికి వెళ్లండి. కేజ్ మీదకి మెల్లగా విసిరి, బంతి కేజ్‌కి తగిలేదాకా కళ్లు తెరిచి చూడమనండి. మూడు నాలుగు రోజుల్లో నవ్వుతూ చేస్తారు. ఆ తర్వాత నీలి పక్, ఆపైన నల్ల పక్.

5. బటర్‌ఫ్లై: దిగడం, లేవడం

మోకాళ్లు కలిపి కిందికి దిగి, పాదాలు రెండు పక్కలకీ పరిచి, ప్యాడ్లతో ఐస్ మీద గోడ కట్టడమే బటర్‌ఫ్లై. ఎన్‌హెచ్‌ఎల్ గోలీ గ్లెన్ హాల్ 1950ల్లోనే ఇలా ఆడాడు. 1980ల్లో మాంట్రియల్ గోలీ పాట్రిక్ రువా, ఆయన గోలీ కోచ్ ఫ్రాన్స్వా అల్లేర్ దాన్ని అందరూ నేర్చుకునే పద్ధతిగా మార్చారు. పిల్లలంతా మొదట అడిగేది ఇదే. అయిదో మెట్టులో పెట్టడానికి కారణం కూడా అదే. ఇది ముందే వచ్చేస్తే ఇక నిలబడరు.

మోకాళ్లు నిట్టనిలువునా కిందికి పడాలి, వెనక్కి కూలబడకూడదు. పిరుదులు మడమల మీద కూర్చోకూడదు. ఛాతీ అలాగే పైకి, చేతులు అలాగే ముందుకి, స్టిక్ బ్లేడ్ రెండు మోకాళ్ల మధ్య సందుకి ముందు. ఆ సందునే ఫైవ్ హోల్ అంటారు.

లేవడం దిగడం కన్నా ముఖ్యం. కుడి వైపు వెళ్లాలంటే ముందు లేవాల్సింది ఎడమకాలు. ఆ బ్లేడ్‌ని ఐస్‌లో దింపి కుడికి నెట్టాలి. వెళ్లే వైపు కాలు ముందు లేపితే నెట్టడానికి ఏమీ మిగలదు. నేను పిల్లలతో అనిపించే మాట: "దూరం కాలు ముందు." అయిదుసార్లు దిగి లేవడం, విరామం, ఇలా మూడు దఫాలు. మొదట్లో అంతకు మించి వద్దు.

ముందే కింద పడిపోయే జబ్బుకి ఒక ఆట ఉంది. పది షాట్లు అని చెప్పండి, అందులో నాలుగు దొంగ షాట్లు. స్టిక్ ఊపుతారు, పక్ కొట్టరు. దొంగ షాట్‌కి దిగితే వాళ్లకి మైనస్ ఒకటి, నిలబడితే ప్లస్ ఒకటి. ఐస్‌క్రీమ్ పందెం పెట్టండి. మొదటి రోజు మీరే గెలుస్తారు, మూడో వారానికి డబ్బులు మీ జేబులోంచే పోతాయి.

జాగ్రత్త: బటర్‌ఫ్లైలో తొడ లోపలికి తిరుగుతుంది, ఆ ఒత్తిడంతా తుంటి మీద పడుతుంది. పాదాలు ఎంత విచ్చుకుంటాయనేది ఒక్కొక్కరి ఎముకల అమరికని బట్టి ఉంటుంది. వెనక నిలబడి పాదాలు లాగి విస్తరించడం, టీవీ చూస్తూ గంటలకొద్దీ ఆ భంగిమలో కూర్చోబెట్టడం అస్సలు చేయకండి. గజ్జల్లో నొప్పి అంటే ఆ రోజుకి ఆపేయండి. వారం దాటినా తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి. "మెల్లగా అలవాటవుతుందిలే" అనే మాట ఇక్కడ వద్దు.

6. తగిలిన పక్ ఎటు పోతోంది

పదేళ్లు దాటినవాళ్లకే ఇది. ఆపడం సగం పని. ఆపిన పక్ మళ్లీ ఎదురువాడి స్టిక్ మీదకే పోతే ఆపినా ఒకటే, ఆపకపోయినా ఒకటే. నేల షాట్‌కి స్టిక్ బ్లేడ్‌ని కొద్దిగా ఏటవాలుగా తిప్పి మూలకి పంపాలి. ఛాతీకి వచ్చినదాన్ని ముందుకి వంగి, చేతులతో పొట్టలోకి కప్పేయాలి. ట్రాపర్‌తో పట్టేటప్పుడు చేయి పక్‌కి ఎదురెళ్లాలి, కానీ బిగుసుకుపోకూడదు. క్యాచ్ పట్టేటప్పుడు చేతులు మెత్తగా పెట్టమని మన వికెట్ కీపర్లకి చెప్పే మాటే ఇక్కడా.

గోల్ ముందు 10 అడుగుల దూరంలో రెండు కోన్లు పెట్టండి. పది షాట్లు కొడితే ఆ రెండు కోన్ల మధ్యలోకి ఎన్ని తిరిగొచ్చాయో లెక్కపెట్టండి. మొదట్లో ఆరేడు వస్తాయి. మూడుకి తగ్గితే బ్రహ్మాండం.

7. పోస్ట్ దగ్గర

పక్ పక్కవాటుగా, గోల్ గీతకి దగ్గరగా ఉన్నప్పుడు చిన్నపిల్లలకి ఒకటే నేర్పండి. పోస్ట్‌కి స్కేట్ గట్టిగా ఆనించి, నిలబడి, సందు లేకుండా చూసుకోవడం. టీవీలో గోలీలు పోస్ట్‌కి ఆనుకుని ఒక మోకాలు దించే 'రివర్స్ వీహెచ్' చూసి పిల్లలు అదే చేయబోతారు. వాళ్ల ఎత్తుకి, అలా దిగితే పోస్ట్ పక్కనే భుజం పైన గోల్ సగం తెరుచుకుంటుంది. పన్నెండేళ్లు వచ్చాక, అదీ తెలిసిన గోలీ కోచ్ దగ్గర నేర్పించండి.

8. ఇంట్లో, ఐస్ లేని రోజుల్లో

రోజుకి పావుగంట చాలు. గోడకి టెన్నిస్ బంతి కొట్టి ఒక్కో చేత్తో పట్టడం, రెండు బంతులతో, ఆ తర్వాత మూడింటితో గారడీ, తాడాట, అద్దం ముందు నిలబడే తీరు. బంతుల మీద స్కెచ్ పెన్‌తో అంకెలు రాసి, పట్టుకునే లోపు అంకె చెప్పమంటే చూపు బంతిని వదలదు. బేస్‌మెంట్‌లో ఒట్టి మోకాళ్లతో బటర్‌ఫ్లై చేయనివ్వకండి, మోకాలి ప్యాడ్లు తప్పనిసరి.

9. టీమ్ ప్రాక్టీస్, మ్యాచ్ రోజు

కోచ్‌ని మర్యాదగా రెండే అడగండి: ప్రాక్టీస్‌లో మొదటి పది నిమిషాలు గోలీలకి విడిగా ఒక మూల, షాట్‌కీ షాట్‌కీ మధ్య లేచి నిలబడే వ్యవధి. ఎక్కువమంది కాదనరు. అడిగేవాళ్లు లేకే ఇవ్వరు. వార్మప్‌లో మొదటి షాట్లు దూరం నుంచి, నేల మీద, ట్రాపర్‌లోకి పడాలి. మొదటి షాటే తల ఎత్తున కొట్టే పిల్లలు ప్రతి టీమ్‌లోనూ ఇద్దరుంటారు, వాళ్ల సంగతి కోచ్ చెవిన వేయండి. ఒకసారి ఒక టోర్నమెంట్‌లో మా పాపకి మ్యాచ్ మొదలవకముందే ఇలా కాలర్ బోన్ దగ్గర తగిలింది. మిగతా రోజంతా షాట్ వస్తే వెనక్కి నక్కింది, ఆ భయం వదలడానికి నెల పట్టింది.

మ్యాచ్ జరుగుతుండగా గ్లాస్ (రింక్ చుట్టూ ఉండే అద్దపు గోడ) వెనక నిలబడి తెలుగులో కోచింగ్ ఇవ్వకండి. "ముందుకి రావే!" అని నేను అరిచిన అరుపు విని మా పాప నా వైపు తిరిగింది, ఆ అర క్షణంలో గోల్ పడింది. కార్లో ఇంటికొచ్చేటప్పుడు గోల్స్ గురించి మీరుగా ఎత్తకండి. ఆకలేస్తోందా అని అడగండి. వాళ్లే ఎత్తితే వినండి. సరిదిద్దాలంటే మర్నాడు, అదీ ఒకటే సంగతి.

బాగుపడుతున్నారో లేదో ఎలా తెలుస్తుంది?

స్కోర్ చూసి తెలుసుకోలేం. 20 షాట్లలో 16 ఆపితే సేవ్ పర్సంటేజ్ .800. ఆ పోయిన నాలుగూ ఎవరూ అడ్డం లేకుండా ఒంటరిగా వచ్చిన ఆటగాడు కొట్టినవైతే గోలీ బాగా ఆడినట్టే. 5 షాట్లలో 5 ఆపినా అన్నీ నడిమధ్య నుంచి మెల్లగా వచ్చినవైతే నేర్చుకున్నదేమీ లేదు.

నోట్‌బుక్‌లో ప్రతి గోల్‌కీ మూడు గళ్లు పెట్టండి: షాట్ సమయానికి ఆగి ఉన్నారా, పక్‌కి ఎదురుగా ఉన్నారా, ముందే దిగారా. అవును, కాదు అని టిక్కు పెడితే చాలు. నాలుగు మ్యాచ్‌లు అయ్యేసరికి ఏ గడిలో తప్పులు ఎక్కువో కనిపిస్తుంది. 'ఆగలేదు' అయితే మొదటి, నాలుగో మెట్లకి, 'ఎదురుగా లేరు' అయితే తాళ్లకి, 'ముందే దిగారు' అయితే దొంగ షాట్ల ఆటకి తిరిగి వెళ్లండి. మూడింటినీ ఒకేసారి పట్టుకోకండి.

నెలకోసారి గోల్ వెనక గ్లాస్ దగ్గర ఒకే చోట నిలబడి ఫోన్‌లో పది నిమిషాలు తీయండి. స్లో మోషన్‌లో, కొట్టేవాడి స్టిక్ పక్‌కి తగిలే ఫ్రేమ్ దగ్గర ఆపండి. ఆ ఫ్రేమ్‌లో పాదాలు ఆగి ఉన్నాయా, మోకాళ్లు ఇంకా పైనే ఉన్నాయా? అక్టోబర్ వీడియో, జనవరి వీడియో పక్కపక్కన పెడితే మీకే కాదు, పిల్లలకీ తేడా తెలిసిపోతుంది. మా పాప తన అక్టోబర్ వీడియో చూసి, "అయ్యో, బాతులా ఉన్నాను" అంది.

రింక్ నుంచి రాగానే సంచీలోంచి గేర్ మొత్తం బయటికి తీసి ఆరబెట్టండి. రాత్రంతా సంచీలోనే ఉంచితే మర్నాడు కారెక్కలేరు. ట్రాపర్‌లో ఒక టెన్నిస్ బంతి పెట్టి వదిలేయండి, గూడు ఆకారం పోదు. బ్లేడ్లు పొడిగుడ్డతో తుడవండి. స్కేట్లని మాత్రం హీటర్ పక్కన పెట్టకండి, బూట్ అతుకులు వదిలేస్తాయి. హెల్మెట్ స్క్రూలు వారానికోసారి స్క్రూడ్రైవర్‌తో బిగించండి. అవి వదులైన సంగతి ఎప్పుడూ మ్యాచ్ మధ్యలోనే తెలుస్తుంది.